గాలిగొట్టం లేని గది

మా అన్నయ్య గురించి మా పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. అడగకపోయినా చెబుతారు. గొట్టాల పనిలో ఆయన్ని మించినవాడు లేడని, ఆయన బిగించిన కుళాయి కారదని, ఆయన చెయ్యి పడ్డ ఇంట్లో మురుగు వాసన రాదని. మా వదిన గురించి మాత్రం అడిగి లాభం లేదు, ఎవరికీ ఏమీ తెలియదు. మేస్త్రిగారి భార్య అంటారు, అక్కడితో సరి. అందుకే ఇది మా వదిన గురించి రాస్తున్నాను. మధ్యలో అన్నయ్య వస్తాడు, తప్పదు. సొంత చెల్లెలినే అయినా ఆయన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. ముందే చెప్పేస్తున్నాను.

ఇంట్లో మేం ముగ్గురమే. నేను దర్జీని. వీధి వైపు గది నాది, కుట్టుమిషనూ కిటికీ ఉన్నది. దాని వెనక వాళ్ల గది, ఆ వెనక వంటిల్లు, పక్కనే స్నానాలగది, పెరట్లో బట్టలు ఉతికే సిమెంటు బండ. మేడ మీద కప్పు వేసి సగంలో వదిలేసిన గది ఒకటి, మిగతాదంతా ఖాళీ డాబా. నా పెళ్లి సంగతి ఎత్తకండి, ఈ కథకి అది అనవసరం.

మా వదినకి బట్టలంటే ప్రాణం. కట్టుకోవడం కాదు, ఉతకడం. ఉన్న నాలుగు చీరలు తిప్పి తిప్పి కట్టే మనిషి, పక్కింటివాళ్ల దండెం మీద చొక్కా కాలరు చూసి "అయ్యో, రెండు రుద్దులు రుద్దితే పోయేదే" అని నొచ్చుకునేది. ఏ మరక దేనిదో చూడగానే చెప్పేది. టీ మరకకి ఒక మందు, తుప్పు మరకకి ఒకటి, నూనెకి ఇంకొకటి. రక్తం మరకని వేడినీళ్లలో నానబెట్టినవాళ్లు మా వదిన దృష్టిలో మనుషులే కాదు. "వేడి తగిలితే అది బట్టకి అతుక్కుపోతుంది చిట్టీ, ఇంక జన్మలో వదలదు. చన్నీళ్లలో వెయ్యాలి, కంగారు పడకూడదు" అనేది. నా దగ్గరకి కొలతలకి వచ్చే ఆడవాళ్లు జాకెట్టు మాట మరిచిపోయి ఆమెతో మరకల గురించి మాట్లాడుతూ కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది, కానీ వింటూ కుట్టుకునేదాన్ని.

మా వీధి చివర ఒక నర్సింగ్‌హోమ్ ఉంది. అక్కడ దుప్పట్లు ఉతికే మనిషి మానేస్తే, పెద్ద నర్సు వచ్చి వదినని అడిగింది. అలా మొదలైంది. వదిన ఉతికిన దుప్పట్లు చూసి తర్వాత లాడ్జివాళ్లు దిండు గలీబులిచ్చారు, మంగలి షాపువాళ్లు తువ్వాళ్లిచ్చారు. పెరట్లో బండ మీద పొద్దున్నే మొదలుపెట్టేది. ఆ చప్పుడు నా కుట్టుమిషను చప్పుడుతో పోటీపడేది. చేతులు పగిలేవి, మోచెయ్యి పట్టేసేది, అయినా ఆమె ముఖంలో ఒక వెలుగు ఉండేది. అంతకు ముందు నేనెప్పుడూ చూడని వెలుగు.

ఒకసారి అడిగాను. "ఎందుకు వదినా ఈ చాకిరీ? అన్నయ్య సంపాదన చాలదా?"

"చాలుతుంది" అంది. "పెళ్లయినప్పటి నుంచి నేను మేస్త్రిగారి భార్యనే చిట్టీ. నర్సమ్మ గేటు దగ్గర నిలబడి 'దుప్పట్లమ్మా' అని పిలుస్తుంది చూడు, ఆ పిలుపు నా కోసమే వచ్చినట్టుంటుంది. ఈ పని పోతే మళ్లీ నన్నెవరు పిలుస్తారు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమెకి కావలసింది అదొక్కటే. తన పేరు మీద ఒక పని, ఆ పని కోసం గేటు దాకా వచ్చే నలుగురు మనుషులు.

ఇక అన్నయ్య. ఆయన్ని పేటలో 'ఊపిరి మేస్త్రి' అంటారు. ఎందుకంటే ఏ కొత్త ఇంటికి పనికి వెళ్లినా ముందు ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఇంటివాళ్లని ఒక నీళ్ల సీసా తెమ్మంటాడు. దాన్ని బోర్లిస్తాడు. నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి పడతాయి. తర్వాత సీసా అడుగున మేకుతో చిల్లు పొడిచి మళ్లీ బోర్లిస్తాడు. ఈసారి ధారగా, చప్పుడు లేకుండా పోతాయి.

"చూశారా? గొట్టానిక్కూడా ఊపిరి కావాలండీ" అంటాడు. "పైన గాలిగొట్టం పెట్టి డాబా దాటించామనుకోండి, నీళ్లు హాయిగా దిగిపోతాయి. పెట్టలేదనుకోండి, దిగే నీళ్లు గాలి కోసం పక్కగదుల నేల మీదున్న జాలీల్లోంచి లాక్కుంటాయి. జాలీ కింద వంపులో కాసిని నీళ్లు నిలబడి ఉంటాయే, వాటినీ తాగేస్తాయి. మురుగు వాసనకి అడ్డం ఆ నీళ్లే కదా. అవి పోతే వాసన మీ మంచం దాకా వస్తుంది."

ఇంటివాళ్లు ఆహా అంటారు. ఆ ఉపన్యాసం మాకు కంఠతా వచ్చు. వదినైతే వంట చేస్తూ ఆయన గొంతుతోనే చెప్పి నన్ను నవ్వించేది.

మోచేతి నొప్పి చూపించడానికి డాక్టరు దగ్గరకి వెళ్తే, బండ మీద ఉతకడం మానకపోతే చెయ్యి పైకి లేవదని చెప్పాడు. వదిన పని మానలేదు, మిషను కొంది. మూసేసిన ఏదో హాస్టల్లో వాడిన పెద్ద మిషను, ఇంట్లో వాడేవాటికి రెండింతలుంటుంది. తన సొంత సంపాదనతో, అన్నయ్యని ఒక్క మాటా సాయం అడగకుండా కొంది. కింద పెట్టడానికి చోటు లేదు. మేడ మీద సగం గది ఉంది, పక్కనే డాబా ఉంది ఆరేసుకోవడానికి, ఎండ ఉంది. గొట్టాలు వెయ్యడానికి ఇంట్లో మేస్త్రి ఉన్నాడు. ఇంకేం కావాలి అనుకున్నాం.

ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా! ఆ మిషను మేడ మీద గోనెపట్టా కిందే సగం ఎండాకాలం కూర్చుంది. అన్నయ్యకి ఎప్పుడడిగినా పనే. బయట పని లేని రోజున ఒళ్లు నొప్పులు. వదిన పోరగా పోరగా, చివరికి ఒక ఆదివారం మెట్ల కింద ఉన్న గోనెసంచి బయటికి లాగాడు.

ఆ సంచి గురించి చెప్పాలి. గొట్టాల పనివాళ్లకి ఒక అలవాటుంది. ఏ ఇంట్లో పని అయినా, మిగిలిన ముక్కలు పారెయ్యరు, సంచిలో వేసి ఇంటికి తెచ్చుకుంటారు. అరమూర గొట్టాలు, ఎల్బోలు, మూతలు, సగం వాడిన జిగురు డబ్బాలు. సొంత ఇంటి పనంతా ఆ సంచిలోంచే జరుగుతుంది. బజారుకి వెళ్లి సొంత ఇంటికి కొత్త గొట్టం కొన్న మేస్త్రిని చూస్తే తోటివాళ్లు నవ్వుతారట. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఆ పెరటి చెట్టు మా ఇంట్లో మేస్త్రి రూపంలో ఉండేది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే మిషనుకి వంటింటి తొట్టికి వేసే సన్నగొట్టం వేశాడు, సంచిలో అదే ఉంది కాబట్టి. మెత్తగా తిరిగే బెండులు లేవని మొండి ఎల్బోలతో మూలలు తిప్పాడు. కింద మా స్నానాలగది నీళ్లు వెళ్లే గొట్టంలోకే తెచ్చి కలిపాడు. పైన గొట్టం కొసకి ఒక మూత తగిలించి నిచ్చెన దిగబోయాడు.

నిచ్చెన పట్టుకున్న వదిన అడిగింది. "ఏమండీ, గాలిగొట్టం?"

"మేడ మీద గదికి అది కుదరదే" అన్నాడు. "కింద అంతస్తయితే పైకి లాగుతాం. నువ్వు ఆల్రెడీ పైనే ఉన్నావు. ఇంకెక్కడికి లాగను, ఆకాశంలోకా?"

వదిన నవ్వేసింది. నాకు గొట్టాల విద్య తెలియదు, అన్నయ్య గొంతు మాత్రం తెలుసు. బేరం తొందరగా తెగ్గొట్టి ఇంటికి పోదామనుకున్నప్పుడు వచ్చే గొంతు అది. "నిజంగా కుదరదా అన్నయ్యా?" అన్నాను. "నీ సూదీ దారం నువ్వు చూసుకో తల్లీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్న వదిన మిషను మొదలుపెట్టింది. అదే సమయంలో నేను స్నానాలగదిలో ఉన్నాను, తల నిండా నురగతో. పైన మిషను నీళ్లు వదిలింది. నా కాళ్ల దగ్గర జాలీ గొంతు పట్టినవాడిలా గుడగుడమంది, ఒకసారి తేన్చింది, తర్వాత తెల్లటి నురగ కక్కడం మొదలుపెట్టింది. చీలమండల దాకా వచ్చింది. నా తల మీద నురగేదో, జాలీలోంచి వచ్చిన నురగేదో నాకే అర్థం కాలేదు. తువ్వాలు చుట్టుకుని అరుస్తూ బయటికి పరిగెత్తాను. అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని పగలబడి నవ్వాడు.

"సబ్బుపొడి గుప్పించి ఉంటుంది మీ వదిన. చెప్పు దానికి, చెంచాడు చాలని."

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి ఒకడు. వదిన సబ్బు తగ్గించింది. నురగ తగ్గింది, గుడగుడ తగ్గలేదు. రెండు మూడు రోజులకి వాసన మొదలైంది. మిషను నీళ్లు వదిలినప్పుడల్లా జాలీల కింది నీళ్లు లాగేసుకునేది. పైన గదిలోనూ, కింద స్నానాలగదిలోనూ మురుగు కాలవ పక్కన కూర్చున్నట్టుండేది. ఆ ఉపన్యాసం ఇన్నేళ్లుగా విన్న వదిన తనే ఒక ఉపాయం కనిపెట్టింది. మిషను నీళ్లు వదిలిన ప్రతిసారీ చెంబుతో నీళ్లు పట్టుకుని పైన జాలీలో పోసేది, మెట్లు దిగి వచ్చి కింద జాలీలో పోసేది, వంటింటి తొట్టిలో పోసేది, మళ్లీ మెట్లెక్కేది. మోచేతి కోసం మిషను కొంటే మోకాళ్లు పోవడం మొదలైంది.

ఎండ ఉన్నన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఎండ వాసనని విరిచేసేది. వానలు పట్టుకోగానే దుప్పట్లు ఆ గదిలోనే తాళ్ల మీద ఆరెయ్యాల్సి వచ్చింది. తడిబట్ట కన్నా వాసన పట్టేది ఇంకొకటి లేదు. ఘోరమేమిటంటే, పొద్దస్తమానం ఆ గదిలోనే ఉండేసరికి వదిన ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోయింది. దుప్పటి ముఖానికి ఆనించుకుని "బాగానే ఉందిగా చిట్టీ?" అని అడిగేది. నేను బాగాలేదనేదాన్ని. మళ్లీ ఉతికేది. మళ్లీ అదే గదిలో ఆరేసేది. చివరికి నన్ను అడగడం మానేసింది, నా జవాబు ఆమెకి తెలుసు కాబట్టి.

ఒక మధ్యాహ్నం పెద్ద నర్సు తనే వచ్చింది. వెంట ఆయా తలమీద దుప్పట్ల మూట. మూటని నా గదిలో దింపించింది.

"దుప్పట్లమ్మా, నీ మీద కోపం కాదు" అంది. "పొద్దున కాన్పయిన పిల్ల దుప్పటి కప్పుకోగానే కక్కేసింది. వాళ్ల అమ్మ మా మీద విరుచుకుపడింది, మురుగ్గుంటలో ఉతికించారా అని. డాక్టరుగారు ఇంకెవరినైనా చూడమంటున్నారు."

వదిన మూట విప్పలేదు. దాని మీద చెయ్యి వేసి నిలబడింది. "నాకు కాస్త టైమివ్వండమ్మా. గొట్టం బాగుచేయిస్తాను. మా ఆయన మేస్త్రే కదా."

"మరి మేస్త్రిగారుండి కూడా ఇదేంటమ్మా?" అంది నర్సు. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

అన్నయ్య రాగానే చెప్పింది. ఆయనకి అప్పుడే పెద్ద పని తగిలింది. బజారు వీధిలో, చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఎవరో ఒకావిడ కొత్తగా లాండ్రీ పెడుతోంది. పెద్ద పెద్ద మిషన్లు వరసగా. దాని గొట్టాల పనంతా ఈయనదే. "అది అయిపోనీ, చూద్దాం" అన్నాడు. ఆ పని జరిగినన్నాళ్లూ వదిన పొద్దున్నే లేచి ఆయనకి క్యారేజీ కట్టింది. తన పొట్ట కొట్టబోయే చోటికి తనే అన్నం పంపింది.

ఆగలేక నేనే వెళ్లి ఇంకో మేస్త్రిని పిలుచుకొచ్చాను. పక్క పేటవాడు, పొట్టి మేస్త్రి అంటారు. ఎవరి ఇల్లో చెప్పకుండా తీసుకొచ్చాను. పైకెక్కి గొట్టం చూశాడు, కొసన మూత చూశాడు. నోరు తెరిచి నవ్వబోయి ఆగాడు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?"

"మా ఆయనే" అంది వదిన.

"మీ ఆయనంటే?"

చెప్పింది. పొట్టి మేస్త్రి నిచ్చెన మీదనుంచి కాళ్లు కాలినట్టు దిగాడు.

"నేను ఇక్కడికి రాలేదనుకోండి తల్లీ. ఆయన ఇంట్లో నేను చెయ్యి పెట్టానని తెలిస్తే ఈ చుట్టుపక్కల నాకు పని పుట్టనివ్వరు. నాకూ పెళ్లాంపిల్లలున్నారు."

"చెయ్యకపోతే మానెయ్యి. దీనికి గాలిగొట్టం కుదురుతుందా కుదరదా, అది చెప్పి పో" అన్నాను.

"ఆయన్నే అడగండమ్మా" అంటూ చెప్పులేసుకున్నాడు.

అలాంటి సంగతులు దాగవు. అన్నయ్యకి ఎవరు మోశారో గానీ, సాయంత్రానికి ఇంటిమీదికొచ్చాడు. నన్ను తిట్టాడు, సరే. వదినని మాత్రం అనకూడనివి అన్నాడు. "ఊపిరి మేస్త్రి ఇంటికి ఇంకో మేస్త్రి కావాల్సి వచ్చిందని రేపు బజారంతా నవ్వరా? నా నోట్లో మట్టి కొట్టడానికే కొన్నావా ఆ దిక్కుమాలిన మిషను? చెప్తే వినవేం, మేడ మీద మిషనంటే ఇంతే! ఎక్కడైనా ఇంతే! గుడగుడమంటుంది, వాసనొస్తుంది. పడనివాళ్లు మానుకోవాలి. ఇల్లు గడవక చేస్తున్నావా ఏంటి, కాలక్షేపానికి చేసేదానికి ఇంత రాద్ధాంతమా?"

ఆయన పడుకున్నాక నేను రుసరుసలాడుతుంటే వదిన నన్నే సముదాయించింది. "ఆయనకి తెలీదా చిట్టీ? అన్ని ఇళ్లల్లో చేసినాయన, కుదిరితే మనింట్లో చెయ్యరా? కుదరదు కాబట్టే కదా ఆ కోపం." ఆమె నమ్మింది. కట్టుకున్నవాడి పనితనం మీద ఆమెకున్న నమ్మకం అంతటిది. పాడైంది తన అదృష్టమే అనుకుంది.

లాండ్రీ తెరిచారు. నర్సింగ్‌హోమ్ దుప్పట్లు అక్కడికి వెళ్లాయి, వెనకే లాడ్జి గలీబులు వెళ్లాయి. మంగలి షాపతను మాత్రం మొహమాటానికి కొన్నాళ్లు తువ్వాళ్లిచ్చి, గేటు ముందు తల దించుకుని పోవడం మొదలుపెట్టాడు. వదిన మేడ గదికి గొళ్లెం పెట్టేసింది. పగలంతా నా కాళ్ల దగ్గర కూర్చుని దారప్పోగులు ఏరేది, ఏరినవి వేలికి చుట్టుకునేది, విప్పేది. గేటు చప్పుడైతే తలెత్తేది. జాకెట్టు కొలతకి వచ్చినవాళ్లని చూసి మళ్లీ దించేసేది.

ఎన్నాళ్లని అలా? ఆ లాండ్రీలో ఆడమనుషులు కావాలంటున్నారని విని ఒక రోజు తనే వెళ్లి చేరింది. అన్నయ్యతో చెబితే "పోనీ, ఊరికే కూర్చునే కంటే నయం" అన్నాడు. నేను కత్తెర టేబుల్ మీద గట్టిగా పెట్టాను. ఆయనకది వినపడలేదు.

మొదటి రోజు పని ముగించుకుని వదిన నా గదిలోకి వచ్చి, చీరకొంగుతో ముఖం కూడా తుడుచుకోకుండా కూర్చుంది.

"చిట్టీ, ఇవాళ అక్కడ అందరూ నన్ను చూసి నవ్వారు" అంది.

"ఎవరు? ఎందుకు?"

"మిషను నీళ్లు వదిలే టైముకి, అలవాటు కొద్దీ చెంబు నిండా నీళ్లు పట్టుకుని జాలీ దగ్గర నిలబడ్డాను. అది గుడగుడమంటుందని. ఏమీ అనలేదు. పక్క మిషను కూడా వదిలింది, ఆ పక్కది కూడా. ఒక్క చప్పుడు లేదు. జాలీలో నీళ్లు కదల్లేదు కూడా. నేనింకా చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఏంటక్కా, నేలకి నీళ్లు తాగిస్తావా అని నవ్వారు అక్కడ పనిచేసే పిల్లలు. తలెత్తి చూశాను. లావాటి గొట్టాలు, మెత్తటి బెండులు. ఒక గొట్టం గోడ వెంబడి పైకి పోయి, పైకప్పులో చిల్లు పెట్టుకుని బయటికి పోయింది. అది రెండో అంతస్తు. దానిపైన డాబానే."

వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మొండి సూదితో గుచ్చినప్పుడు రక్తం వెంటనే రాదు, అలా ఉంది ఆమె ముఖం.

"కుదరక చెయ్యలేదనుకున్నాను" అంది. "కుదరనిదానికి ఎవర్ని ఏమనగలం?"

తర్వాత జరిగినది చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు. బజారులో ఎవరో అన్నయ్యని అడిగారట, "మేస్త్రిగారూ, మీ ఇంటావిడ లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోందేంటి?" అని. అది తగిలింది ఆయనకి. పెళ్లాం గదికి గొళ్లెం పడితే తగలనిది, బజారువాడి మాట తగిలింది. ఆ వారమే కొత్త గొట్టం కొన్నాడు. బజారులోంచి, పదిమంది చూస్తుండగా, భుజాన వేసుకుని తెచ్చాడు. సన్నగొట్టం పీకేసి లావుది వేశాడు, బెండులు పెట్టాడు, కప్పులో చిల్లు కొట్టి గాలిగొట్టం గది పైకి లాగి పైన టోపీ బిగించాడు. ఒక్క పూట పని. అంతే. ఒక్క పూట.

వదిన పని నుంచి వచ్చాక మమ్మల్నిద్దరినీ పైకి పిలిచాడు. ఖాళీ మిషనులో నీళ్లు నింపి వదిలిపెట్టాడు. చప్పుడు లేకుండా పోయాయి. చేతులు కట్టుకుని, కొత్త ఇంటివాళ్లు ఆహా అనే వరకు ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాడు.

"ఎలా ఉంది? రేపటి నుంచి ఆ కూలిపని మానేసి ఇక్కడే చేసుకో."

"ఎవరివి ఉతకను?" అంది వదిన.

"మళ్లీ వస్తార్లే అందరూ. నేను చెప్తాను నర్సింగ్‌హోమ్ వాళ్లకి."

"మేడ మీద గదికి కుదరదన్నారు" అంది. గొంతు పెంచలేదు. "అక్కడా మేడ మీదే కదండీ."

అన్నయ్య గొట్టం కేసి చూశాడు, నా కేసి చూశాడు. "అది వేరు. వాళ్లు సామానంతా కొత్తది కొనిచ్చారు. మనకి సంచిలో అంత గొట్టం లేదు అప్పుడు."

"నన్నడిగితే నేనూ కొనిచ్చేదాన్ని."

వదిన మెట్లు దిగిపోయింది. నేను మాత్రం ఊరుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అన్నయ్యా, కాలింది నీ చేతులు కాదు, అదే తేడా అన్నాను. ఆయన నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. నష్టమేమీ లేకపోయింది.

నర్సింగ్‌హోమ్ వాళ్లు తిరిగి రాలేదు. లాండ్రీవాళ్లు మనిషిని పంపి తీసుకెళ్తారు, మనిషితో పంపిస్తారు, వాళ్లకి ఏం అవసరం? వదిన లాండ్రీ మానలేదు. ఆమెకి మరకలు తెలుసని గ్రహించి ఆ ఓనరమ్మ తనని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టింది, వచ్చిన బట్టల మీద ఏది పోతుందో ఏది పోదో ముందే చెప్పడానికి. ఇంట్లో మాత్రం ఉతకడం మానేసింది. తన బట్టలు, నా బట్టలు అక్కడే ఉతికి తెస్తుంది. అన్నయ్యవి ముట్టుకోదు. వంట చేస్తుంది, వడ్డిస్తుంది, పలకరిస్తే జవాబు చెబుతుంది. బట్టలు మాత్రం ముట్టుకోదు. ఆయన ఒకసారి మేడ మీద మిషనులో తనే వేసుకుని, ఉన్న తెల్ల చొక్కాలన్నీ సిమెంటు రంగుకి తెచ్చుకున్నాడు.

మొన్న నేను ఒక కోటు ఇస్త్రీకి ఇవ్వడానికి లాండ్రీకి వెళ్లాను. వరసలో నా ముందు, సంచి చంకలో పెట్టుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చూడనట్టు అటు తిరిగాడు. ఆయన వంతు వచ్చింది. సంచి కౌంటర్ మీద గుమ్మరించాడు. వదిన చొక్కాలు ఒక్కొక్కటే విప్పి, మెడ దగ్గరా మోచేతుల దగ్గరా వెలుగుకి పట్టి చూసింది, ఎవరి బట్టలైనా చూసినట్టే.

"ఇది తుప్పు, పోతుంది. ఇది గొట్టాలకి రాసే జిగురు, ఇది పోదు. వేసుకునేవాళ్లు ముందే చూసుకోవాలి" అంది. రసీదు పుస్తకం దగ్గరకి లాక్కుని కలం తీసింది. "పేరు చెప్పండి."

అన్నయ్య నవ్వబోయాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా తనతో నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. బయటి పేటల నుంచి వచ్చిన జనం, ఆయన ఎవరో వాళ్లకి తెలియదు.

"నా పేరు నీకు తెలీదా?" అన్నాడు మెల్లిగా.

"వెనక మనుషులున్నారండీ" అంది వదిన, కలం కాగితం మీదే ఉంచి. "పేరు చెప్పండి."

అన్నయ్య చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు.